పదకొండు కుక్కలు, ఒక పాత లెన్స్

"నీ లెన్స్ వల్ల పదకొండు కుక్కలకి కంటి జబ్బు వచ్చింది," అంది ఆ అమ్మాయి, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ.

శ్రీకర్‌కి ఏమీ అర్థం కాలేదు.

మూడు వారాల క్రితం ఇదే కాఫీ షాప్ పార్కింగ్ లాట్‌లో తన పాత కెమెరా లెన్స్‌ని ఈ అమ్మాయికి అమ్మాడు. ఆన్‌లైన్‌లో యాడ్ పెట్టిన గంటకే మెసేజ్ చేసింది. పేరు మనీషా. ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకున్నది రెండు నిమిషాలు. మళ్ళీ నిన్న మెసేజ్ వచ్చింది. 'లెన్స్ గురించి మాట్లాడాలి. రేపు ఐదింటికి.' కనీసం ఒక స్మైలీ కూడా లేదు.

"కుక్కలకా?" అన్నాడు.

"నేను శనివారం యానిమల్ షెల్టర్‌లో వాలంటీర్ చేస్తా. అక్కడ ఎవరూ లేని కుక్కలు ఉంటాయి కదా, వాటికి ఫోటోలు తీస్తా. అవి వెబ్‌సైట్‌లో చూసి మనుషులు వస్తారు, ఇంటికి తీసుకెళ్తారు. ఇప్పుడు ఎవరూ రావట్లేదు. ఫోన్ చేసి అడుగుతున్నారు, ఈ కుక్కకి ఒక కన్ను పోయిందా అని."

లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తెర నిండా కుక్క మొహాలు. చెవులు వాలినవి, నాలుకలు బయటపెట్టినవి, బుద్ధిగా కూర్చున్నవి. అన్నిటికీ ఒక కన్ను మెరుస్తోంది. రెండో కన్ను ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టుంది.

"ఒకటి కాదు, రెండు కాదు. పదకొండు కుక్కలకీ ఎడమ కన్నే. షెల్టర్ వాళ్ళు డాక్టర్‌ని పిలిచి టెస్ట్ కూడా చేయించారు. డాక్టర్ చూసి, కుక్కలు బాగున్నాయి, నీ కెమెరా చూపించుకో అన్నాడు."

శ్రీకర్‌కి నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

"కెమెరాలో ఏమన్నా తేడా ఉందేమోనండీ."

"వేరే లెన్స్ పెట్టి చూశా. కెమెరా బాగుంది." మనీషా సూటిగా అతని కళ్ళలోకి చూసింది. "ఈ లెన్స్ ఎప్పుడైనా కింద పడిందా?"

"లేదు," అన్నాడు శ్రీకర్.

అది అబద్ధం. ఫిబ్రవరిలో ఫ్రెండ్స్‌తో సెడోనా కొండలకి వెళ్ళినప్పుడు బ్యాగ్ జిప్ సరిగ్గా పెట్టక, లెన్స్ జారి ఎర్ర రాయి మీద పడింది. తీసి చూస్తే పైన గీత కూడా లేదు. అమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాత ఆఫీసులో షిఫ్టులు మారాయి, కెమెరా అల్మరా ఎక్కింది. జూన్‌లో ఇల్లు సర్దుతూ అమ్మకానికి పెట్టినప్పుడు 'మంచి కండిషన్' అని రాశాడు. పడిన సంగతి గుర్తు రాక కాదు. రాస్తే ఎవరూ కొనరని.

ఇప్పుడు ఇంత సూటిగా అడుగుతుంటే, 'లేదు' అన్న మాట అతని కన్నా ముందే బయటికి వచ్చేసింది.

"సరే," అంది మనీషా. నమ్మేసింది. అదే అతనికి ఇబ్బందిగా అనిపించింది.

"మీ డబ్బు వెనక్కి ఇచ్చేస్తానండీ."

"డబ్బు ఏం చేసుకోను? నాకు లెన్స్ కావాలి. ఈ మోడల్ కంపెనీ వాళ్ళు ఆపేశారు. సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెడితే పార్ట్స్ లేవన్నారు. కొత్త మోడల్ ఇటుక లాగా ఉంటుంది, నేను నేల మీద పడుకుని తీయాలి." ఒక్క క్షణం ఆగి అంది. "నువ్వు హెల్ప్ చేస్తావా?"

శ్రీకర్ ఖమ్మం నుంచి అరిజోనా వచ్చి ఐదేళ్ళయింది. చాండ్లర్‌లో ఒక చిప్ ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజినీర్. ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఇలా 'నువ్వు' అని పిలవడం ఇదే మొదటిసారి. అతని మొహంలో అది కనిపించిందేమో, ఆమె వెంటనే అంది.

"సారీ. నేను ఇక్కడే పుట్టాను. నా తెలుగు అంతా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నా. అమ్మమ్మ తెలియని వాళ్ళని మీరు అనాలి అని చెప్తుంది. నాకు అది పెట్టుకుంటే మాట్లాడటం స్లో అవుతుంది."

"పర్లేదండీ. నువ్వే బాగుంది."

*

షెల్టర్ మేసా వైపు ఉంది. జూలైలో తొమ్మిది దాటితే నేల కాలిపోతుంది కాబట్టి ఫోటోలు ఉదయం ఆరింటికే. శ్రీకర్ తన కెమెరా కూడా పట్టుకుని వెళ్ళాడు, దానికీ లెన్స్ తగిలించి చూద్దామని. ఒక సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు. అతనికి కుక్కలంటే భయం. ఆరో తరగతిలో ట్యూషన్ నుంచి వస్తుంటే ఒకటి పిక్క పట్టుకుంది.

"ఇది పికిల్," అంది మనీషా, గోధుమరంగు ముసలి కుక్కని తాడుతో నడిపిస్తూ. "పదేళ్ళు. ఈ వారమే వచ్చింది. చాలా మంచిది. పట్టుకో."

"నేనా?"

"నేను ఫోటో తీయాలి కదా."

శ్రీకర్ తాడు చివర పట్టుకుని, చెయ్యి ఎంత పొడుగు సాగుతుందో అంత దూరంలో నిలబడ్డాడు. పికిల్ అతన్ని ఒకసారి వాసన చూసి, బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది.

"కరుస్తుందా?"

"దానికి నాలుగు పళ్ళే ఉన్నాయి."

"నాలుగు చాలు కదా."

మనీషా నేల మీద పడుకుని, కెమెరా కంటికి పెట్టుకునే నవ్వింది. శ్రీకర్ పనిచేసేది క్లీన్ రూమ్‌లో. పన్నెండు గంటలు తెల్ల సూట్లు, మాస్కులు. కళ్ళు తప్ప మనిషి కనిపించడు. కళ్ళు చూసి మనుషుల్ని గుర్తుపట్టడం అతనికి అలవాటు. ఇప్పుడు ఎదురుగా ఉన్న అమ్మాయికి కళ్ళు కెమెరా వెనక ఉన్నాయి, మిగతా మొహమంతా కనిపిస్తోంది. నవ్వితే కుడి బుగ్గ మీద చిన్న సొట్ట. అటు చూస్తూ నిలబడితే ఎప్పుడో తాడు వదులైంది.

"శ్రీకర్, కుక్క వెళ్ళిపోతోంది."

లెన్స్ సంగతి ఆ రోజే తేలిపోయింది. ఏ కెమెరాకి తగిలించినా ఒక పక్క మసకే. లోపల వరసగా ఉండే అద్దాల్లో ఏదో ఒకటి పక్కకి జరిగింది.

"పాపం పికిల్‌కి మాత్రం నిజంగానే ఆ కంటికి శుక్లం," అంది మనీషా. "ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు."

ఆ తర్వాతి శనివారం కూడా వెళ్ళాడు. లెన్స్ పని ఏమీ లేదు. "తాడు పట్టుకోవడానికి మనిషి కావాలి కదా," అన్నాడు. అప్పటికి ఆమెని అతనూ 'నువ్వు' అంటున్నాడు. పికిల్‌ని 'ఆవకాయ' అంటున్నాడు. అది రెండు పేర్లకీ తోక ఊపుతోంది. పని అయ్యాక ఇద్దరూ దగ్గర్లో ఉడిపి హోటల్లో ఇడ్లీ తిన్నారు. మనీషా ఎలిమెంటరీ స్కూల్లో స్పీచ్ థెరపిస్ట్. మాటలు సరిగ్గా రాని పిల్లలకి మాటలు నేర్పుతుంది.

"మరి నీ తెలుగు ఎవరు సరిచేస్తారు?"

"ఏం, బాగాలేదా?"

"బాగుంది. ఎవరూ సరిచేయకుండా చూడాలి."

మనీషా చట్నీలోకి చూస్తూ నవ్వింది. చెప్పేయాలి, అనుకున్నాడు శ్రీకర్. ఇప్పుడే చెప్పేయాలి. ఇంతలో సర్వర్ వచ్చి కాఫీయా టీయా అన్నాడు. శ్రీకర్ కాఫీ అన్నాడు. మూడో శనివారమూ ఇలాగే ఏదో ఒకటి అడ్డొచ్చింది. నిజానికి అడ్డొచ్చింది అతనే.

*

టూసాన్‌లో సూర్యప్రకాశరావు గారని ఒకాయన ఉన్నారని శ్రీకర్ కొలీగ్ ఒకతను చెప్పాడు. నలభై ఏళ్ళు టెలిస్కోపుల అద్దాల మీద పనిచేసి రిటైరయ్యారట. ఇప్పుడు గరాజ్‌లో కూర్చుని లెన్సులు బాగుచేస్తారట, అది కూడా తనకి నచ్చితేనే.

ఫోన్ చేస్తే ఆదివారం రమ్మన్నారు. రెండు గంటల డ్రైవ్. మనీషా పొద్దున్నే రెండు బాటిళ్ళ మజ్జిగ, ఒక డబ్బా చేగోడీలు పట్టుకుని కారెక్కింది.

"నువ్వు రావాల్సిన పని లేదు. నేను ఇచ్చేసి వస్తాను," అన్నాడు శ్రీకర్.

"నా లెన్స్. నేను రావాలి," అంది మనీషా. సీట్ బెల్ట్ పెట్టుకుని, బయటికి చూస్తూ.

దారి పొడుగునా కాక్టస్ చెట్లు చేతులెత్తి నిలబడ్డాయి. ఆమె స్కూల్లో పిల్లల కబుర్లు చెప్పింది. అతను ఖమ్మం కబుర్లు చెప్పాడు. మైలురాళ్ళు గడిచిపోతున్నాయి. కాసా గ్రాండే దాటాక చెప్తాను అనుకున్నాడు. కాసా గ్రాండే దాటింది. పికాచో కొండ దాటాక అనుకున్నాడు. అదీ దాటింది.

సూర్యప్రకాశరావు గారి గరాజ్ ఆపరేషన్ థియేటర్‌లా ఉంది. ఆయన భార్య పద్మ గారు ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, "మాట్లాడించకండి, పని అయ్యేదాకా పలకరు," అని చెప్పి లోపలికెళ్ళారు. ఆయన లెన్స్‌ని లైటు ముందు తిప్పి చూశారు. ముందు రింగు విప్పారు. చిన్న చిన్న స్క్రూలు ఒక పళ్ళెంలో వరసగా పెట్టారు. ఒక్కో అద్దం తీసి మెత్తటి గుడ్డ మీద ఉంచారు. ఇరవై నిమిషాలు పట్టింది.

చివరికి కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి శ్రీకర్ వైపు చూశారు. డాక్టరు పేషెంటుని అడిగినట్టు మామూలుగా అడిగారు.

"ఎంత ఎత్తు నుంచి పడింది బాబూ?"

"నడుము ఎత్తు నుంచండీ," అన్నాడు శ్రీకర్.

అనేశాక గానీ తెలియలేదు ఏమన్నాడో.

"అదీ. రాయి మీదా? అనుకున్నాను. ఈ అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ రింగుకి మూడు కాళ్ళుంటాయి, ఒకటి విరిగింది. రింగు దొరికితే అరగంట పని. కానీ ఇది ఎక్కడా దొరకదు. ఇదే మోడల్‌ది, పనికిరాకుండా పోయిన లెన్స్ ఒకటి తెస్తే అందులోంచి తీసి వేస్తాను. అప్పటిదాకా ఇది నా దగ్గరే ఉంటుంది."

ఆయన చెప్పుకుంటూ పోతున్నారు. మనీషా శ్రీకర్‌నే చూస్తోంది.

"పడిందా?" అంది మెల్లగా.

"పడింది."

ఆమె సూర్యప్రకాశరావు గారికి థాంక్స్ చెప్పింది. పద్మ గారు భోజనం చేసి వెళ్ళమంటే, ఇంకోసారి వస్తాం ఆంటీ అంది. ఆమె మొహం మామూలుగానే ఉంది. కారు దాకా నడిచే ఆ నాలుగడుగుల్లో మాత్రం అతని పక్కన కాకుండా ముందు నడిచింది.

*

తిరుగు దారిలో ముప్ఫై మైళ్ళూ మనీషా పక్క కిటికీలోంచి బయటికే చూసింది. పికాచో దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఆకాశం గోధుమరంగులోకి తిరిగింది. చూస్తుండగానే నేలకీ మబ్బుకీ మధ్య గోడలా దుమ్ము లేచింది. ఫోన్లు రెండూ ఒకేసారి అరిచాయి, దుమ్ము తుఫాను, రోడ్డు దిగి ఆగండి అని. శ్రీకర్ ఎగ్జిట్ తీసుకుని, మూసేసిన ఒక పెట్రోల్ బంకు వెనక కారు ఆపి లైట్లు తీసేశాడు. మధ్యాహ్నం మూడింటికి చీకటి పడింది. ఇసుక అద్దాలకి కొట్టుకుంటోంది.

"సారీ," అన్నాడు శ్రీకర్.

మనీషా ముందుకే చూస్తోంది.

"మీరు కొంచెం ఏసీ తగ్గిస్తారా?"

మీరు. శ్రీకర్ చెయ్యి ఏసీ మీద ఆగిపోయింది. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

"మనీషా, నేను..."

"షెల్టర్‌లో అందరూ అన్నారు, అమ్మినవాడు మోసం చేశాడు అని. నేను చెప్పా, కాదు, అతను మంచివాడు, అతనికి తెలియదు అని. అందరికీ చెప్పా. మా నాన్నకి చెప్పా." మాటలు ఏరుకుంటున్నట్టు ఆగి ఆగి అంది. "లెన్స్ పడిపోతుంది. ఎవరి చేతిలో అయినా పడిపోతుంది. అది నాకు కోపం కాదు. చెప్పడానికి మీకు మూడు శనివారాలు ఉన్నాయి. ఈ రోజు పొద్దున రెండు గంటలు ఉన్నాయి."

శ్రీకర్ ఉన్నదే చెప్పాడు.

"మొదటి రోజు భయం వేసి చెప్పలేదు. తర్వాత చెప్తే నువ్వు మళ్ళీ రమ్మనవేమో అని చెప్పలేదు."

మనీషా తల తిప్పి ఒక్క క్షణం చూసింది. మళ్ళీ అద్దం వైపు తిరిగింది. దుమ్ము మీద మొదటి చినుకు పడి, బురద చార కట్టింది. తర్వాత ఇంకోటి. నిమిషంలో కుంభవృష్టి. తడిసిన ఎడారి వాసన ఏసీలోంచి కారు నిండా పరుచుకుంది. వేరే రోజైతే ఇద్దరూ అద్దాలు దించుకుని ఆ వాన చూసేవాళ్ళు.

ఇంటి ముందు దిగుతూ, "థాంక్స్ అండీ, డ్రైవ్ చేసినందుకు," అంది. డబ్బాలో చేగోడీలు సగం అలాగే ఉన్నాయి.

*

తర్వాతి శనివారం ఆరింటికి శ్రీకర్ షెల్టర్‌కి వెళ్ళాడు. ఈసారి గెస్ట్‌గా కాదు. ఆన్‌లైన్‌లో వాలంటీర్ ఫారం నింపి, గంటన్నర ట్రైనింగ్ వీడియోలు చూసి, 'శ్రీకర్' అని రాసిన ఆకుపచ్చ టీషర్ట్ వేసుకుని.

"మీరు ఎందుకు వచ్చారు?" అంది మనీషా.

"బోనులు కడగడానికి."

నిజంగానే కడిగాడు. ఆమె దగ్గరికి వెళ్ళలేదు, మాట కలపాలని చూడలేదు. ఆమె కెమెరాకి కొత్త లెన్స్ ఉండటం దూరం నుంచే గమనించాడు. ఆ ఇటుక లాంటిది, కొత్త మోడల్. అయితే ఇక పాతదానితో పనే లేదు. ఆ ఆలోచన వచ్చి కొంచెంసేపు పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అయినా వెతకడం మానలేదు. ఆమెకి అవసరమా కాదా అన్నది వేరే సంగతి. పాడుచేసింది తను. రోజూ ఆఫీస్ నుంచి రాగానే ఫోటోగ్రాఫర్ల గ్రూపుల్లో పోస్టులు పెట్టాడు, పాడైపోయిన లెన్స్ కావాలని. 'బాగున్నది అమ్ముతాను, పాడైంది ఎందుకు?' అని కొందరు జోకులేశారు. ఆగస్టు మధ్యలో ప్రెస్కాట్ నుంచి ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ జవాబిచ్చింది. మోటార్ కాలిపోయిన లెన్స్ ఒకటి డ్రాయర్లో మూడేళ్ళ నుంచి పడుందట. పోస్టులో పంపుతానంది. పోస్టులో మళ్ళీ ఎక్కడ పడుతుందోనని శ్రీకర్ తనే వెళ్ళి తెచ్చుకున్నాడు, ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా.

ఆ వారం శనివారమే పికిల్ వెళ్ళిపోయింది.

కొత్త ఫోటో చూసి మేసాలో స్కూల్ బస్ నడిపి రిటైరైన ఒక పెద్దాయన వచ్చాడు. కంటి సంగతి చెప్తే, "నాకూ ఒకటి ఆపరేషన్ అయింది, ఇద్దరికీ కలిపి రెండు మంచి కళ్ళున్నాయి," అన్నాడు. సంతకాలయ్యాయి. పికిల్‌ని ట్రక్కు ఎక్కించమని శ్రీకర్ చేతికే తాడు ఇచ్చారు. ఎక్కించాడు. అది సీట్లో కూర్చుని, తల బయటపెట్టి, అతని మణికట్టు ఒకసారి నాకింది. ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

శ్రీకర్ మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి తన కార్లో కూర్చున్నాడు. స్టీరింగ్ మీద నుదురు ఆనించుకున్నాడు. కాసేపటికి ఎవరో అద్దం మీద తట్టారు.

మనీషా. చేతిలో టిష్యూల డబ్బా.

"నీకు కుక్కలంటే భయం కదా?" అంది.

"నీకెలా తెలుసు?"

"మొదటి రోజు తాడు ఇంత దూరం పట్టుకున్నావు." చేతులు బారగా చాపి చూపించింది. "నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. నోరు అబద్ధం చెప్తే ఒళ్ళు నిజం చెప్తుంది."

శ్రీకర్ ముక్కు తుడుచుకున్నాడు. "ఆవకాయకి మంచి ఇల్లే దొరికింది కదా?"

"మంచి ఇల్లు. దానికి సోఫా కూడా కొన్నాడు ఆయన."

ఆమె అవతలి పక్క తలుపు తీసి కార్లో కూర్చుంది. డ్యాష్‌బోర్డ్ మీద తువ్వాల్లో చుట్టిన లెన్స్ చూసింది. "ఇదేంటి?" అంది. చెప్పాడు. ప్రెస్కాట్ సంగతి, మోటార్ సంగతి, రేపు టూసాన్ వెళ్తున్న సంగతి.

"నా దగ్గర కొత్తది ఉంది. నువ్వు చూశావు కదా."

"చూశాను."

"అయినా?"

"అయినా."

మనీషా ఇంకో టిష్యూ తీసింది. అది అతనికి ఇవ్వకుండా తన చేతిలోనే మడత పెడుతూ కూర్చుంది.

*

లెన్స్ బాగైంది. "కొత్తదంత కాదు, కానీ రెండు కళ్ళూ కనిపిస్తాయి," అన్నారు సూర్యప్రకాశరావు గారు. శ్రీకర్ దాన్ని మనీషాకి ఇచ్చినప్పుడు ఆమె ఆ ఆదివారం ఇంటికి భోజనానికి రమ్మంది. "నాన్న నిన్ను చూడాలంట," అంది. "నేను అంతా చెప్పా. పడిందని నువ్వు చెప్పలేదు, అది కూడా చెప్పా."

అందుకే శ్రీకర్ ఆ రోజు మూడు చొక్కాలు మార్చాడు.

మనీషా వాళ్ళ నాన్న హనుమయ్య గారు ముప్ఫై ఏళ్ళ క్రితం అరిజోనా వచ్చిన సివిల్ ఇంజినీర్. చాండ్లర్‌లో సగం రోడ్లు తనే వేయించానంటారు. వాళ్ళమ్మ సుమతి గారు గుత్తివంకాయ కూర, పప్పుచారు, వడియాలు చేశారు. అమ్మమ్మ డాలస్‌లో కొడుకు దగ్గర ఉందట. హనుమయ్య గారు శ్రీకర్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మా అమ్మాయికి అబద్ధం చెప్పావట."

శ్రీకర్ ముద్ద ఆపాడు. "చెప్పానండీ."

"ఎందుకూ?"

"ధైర్యం లేకండీ."

"మంచిది. కారణాలు అల్లుతావేమో అనుకున్నాను," అని వంకాయ గిన్నె అతని వైపు జరిపారు. "అయినా నాకు ఒకటి అర్థం కాలేదు బాబూ. పాత లెన్స్ కోసం మీరిద్దరూ అంత దూరం టూసాన్ వెళ్ళడం ఎందుకు? నేను కొత్తది కొనిచ్చేశాను కదా."

"అది తర్వాత కదండీ."

"తర్వాతేంటి? జూలై ఫోర్త్‌కి సేల్ వచ్చింది. ఆ రోజే కొన్నాను. పెట్టె విప్పకుండా క్లోజెట్‌లో పెట్టింది ఈ పిల్ల."

శ్రీకర్ లెక్క వేసుకున్నాడు. కాఫీ షాప్‌లో కలిసింది జూలై రెండు. టూసాన్ వెళ్ళింది ఇరవై దాటాక. అంటే ఆ శనివారాలు, ఆ ఇడ్లీలు, ఆ రెండు గంటల డ్రైవ్, అన్నీ...

మనీషా పప్పుచారు గిన్నెలోకి తదేకంగా చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, వడియాలు కావాలా?" అంది.

"ఉన్నాయమ్మా."

"ఇంకొన్ని తెస్తా." లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ నుంచి వెనక తలుపు తీసిన చప్పుడైంది.

సుమతి గారు శ్రీకర్ ప్లేటు చూసి, మొగుణ్ణి చూసి, "వెళ్ళు బాబూ, చెయ్యి కడుక్కో. బయట కూడా కుళాయి ఉంది," అన్నారు.

పెరట్లో చిన్న నిమ్మచెట్టు, దాని పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు. సాయంత్రం ఎండ గోడ మీద పడుతోంది. మనీషా చేతులు కట్టుకుని నిలబడింది.

"ముందు నేను చెప్తా," అంది అతను నోరు తెరిచేలోపు. "నువ్వు అబద్ధం చెప్పావని నేను నెల రోజులు కోపంగా ఉన్నా. కానీ ఆ మూడు శనివారాలూ నా క్లోజెట్‌లో కొత్త లెన్స్ ఉంది. రోజూ డ్రెస్ తీసుకునేటప్పుడు ఆ పెట్టె కనిపించేది. నాకే సిగ్గుగా ఉండేది."

"అయితే టూసాన్ ఎందుకొచ్చావు?"

"నాలుగు గంటలు నీతో కార్లో కూర్చోవచ్చు అని." ఇంగ్లీషులోకి పారిపోకుండా, ఒక్కో తెలుగు మాటా వెతుక్కుని పెట్టింది. "కొత్త లెన్స్ ఉందని చెప్తే నువ్వు శనివారం రావు అనుకున్నా."

శ్రీకర్‌కి నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. తను ఏ భయంతో నోరు మూసుకున్నాడో, ఆ భయంతోనే ఆమె పెట్టె మూసి ఉంచింది.

"మనీషా."

"ఊఁ."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇది దాచి రెండు నెలలు కావస్తోంది. ఇంకో గంట కూడా దాచలేను."

ఆమె దగ్గరికి వచ్చి, వంకాయ కూర అంటిన అతని చెయ్యి పట్టుకుని కుళాయి కిందికి తీసుకెళ్ళి, తనే నీళ్ళు తిప్పింది. చెయ్యి శుభ్రమయ్యాక కూడా వదల్లేదు.

"నాకు కూడా," అంది. "చాలా."

లోపలికి వచ్చేసరికి హనుమయ్య గారు పెరుగన్నం ముగించి, తెలియనట్టు టీవీ చూస్తున్నారు. టీవీ ఆన్ చేసి లేదు.

"బాబూ, మీ నాన్నగారితో ఒకసారి మాట్లాడాలి. వీలున్నప్పుడు కలుపు," అన్నారు.

"నాన్నా, మేము ఇంకా ఏమీ డిసైడ్ అవ్వలేదు."

"నేనేమన్నానే? ఖమ్మంలో వానలెలా ఉన్నాయో అడుగుతాను."

శ్రీకర్ గోడ గడియారం చూశాడు. ఇక్కడ ఆదివారం సాయంత్రం ఆరున్నర. అక్కడ సోమవారం తెల్లారి ఏడు. నాన్న పేపరు చదువుతూ ఉంటాడు, అమ్మ కాఫీ కలుపుతూ ఉంటుంది. మనీషా వైపు చూశాడు. ఆమె వచ్చి సోఫాలో అతని పక్కన, ఒక దిండు దూరం వదిలి కూర్చుంది. తర్వాత ఆ దిండు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వీలున్నప్పుడు ఎందుకంకుల్," అన్నాడు శ్రీకర్ ఫోన్ తీస్తూ. "లేచే ఉంటారు."

రెండు రింగులకే అవతల ఎత్తారు.

"నాన్నా," అన్నాడు. "తీరిగ్గా ఉన్నావా? అమ్మని కూడా పిలువు. ఒకరిని పరిచయం చేయాలి."